రెండు బీడీ రేకులు

అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వ నడుముకు నల్లబట్ట సంచి ఒకటి ఉండేది. మూతికి తాడు, లోపల వక్కలు, చిల్లర, మోకాళ్ల నొప్పుల బిళ్లలు. స్నానానికి తప్ప అది ఆమె ఒంటి మీది నుంచి దిగగా నేను చూడలేదు. తమ్ముడు సాగర్ దుబాయి పోయాక ఆ వక్కల పక్కన వాడి బ్యాంకు కార్డు కూడా చేరింది.

ఆ కార్డుకు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కార్డు అవ్వ సంచిలోనే ఉండాలి, దాని నంబరు మరదలు జమున ఒక్కదానికే తెలియాలి. అవ్వకు అంకెలు రావు, జమున చేతికి కార్డు రాదు. నెలకొకసారి అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఏటీఎంకు పోతారు. అవ్వ కార్డు పెడుతుంది, జమున అంకెలు నొక్కుతుంది, పైసలు లెక్కపెట్టకముందే కార్డు మళ్లీ సంచిలోకి పోతుంది. ఈ ఏర్పాటు నాదే. ఇంటి ఆడబిడ్డను, పెద్దదాన్ని, పదో తరగతి పాసైనదాన్ని. ఒక పెట్టెకు రెండు తాళాలు వేశాను, ఇక దొంగకు దారెక్కడిదని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఇల్లు అవ్వ ఇంటికి రెండు గల్లీల అవతల, చొప్పదండిలోనే. మా ఆయన సంపత్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. లోను నా పేరు మీద వచ్చింది కాబట్టి ఖాతా నా పేరు మీదే, బోర్డు మీద పేరు కూడా నాదే. ‘నవత మొబైల్స్’ అని ఎర్రక్షరాలతో రాయించిన రోజు మా అవ్వ కుంటుకుంటూ వచ్చి బోర్డుకు దిష్టి తీసింది. చదువు రాని మనిషి, అక్షరాలను వేలితో చూపించి ఇందులో నా బిడ్డ పేరు ఏది అని అడిగింది.

ఆ ఏడు వానకాలం అవ్వ మోకాళ్లు రెండూ మొరాయించాయి. కరీంనగర్ డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. దసరా తర్వాత చేస్తానని, అప్పటిదాకా వారానికొకసారి చొప్పదండిలోనే కాళ్లకు వ్యాయామం చేయించమని చెప్పాడు. ఆపరేషన్ కోసమని సాగర్ ఏడాదిన్నరగా కూడబెట్టిన పైసలన్నీ ఆ కార్డు ఖాతాలోనే ఉన్నాయి. సోమవారం సోమవారం అవ్వను వ్యాయామానికి తీసుకుపోయే పని సంపత్ తన మీద వేసుకున్నాడు. పదిగంటలకు దుకాణం మూసి, గల్లా డబ్బా, కార్డులు పెట్టే మిషన్ వీపుసంచిలో వేసుకొని వచ్చి, అత్తను బండి మీద కూర్చోబెట్టుకొని పోయేవాడు. అల్లుడంటే అట్లా ఉండాలని గల్లీలో అంటే నా కాళ్లు నేల మీద ఆగేవి కావు.

అవ్వకు ఒక ముచ్చట ఉండేది. “అల్లుని బండికి నేనంటె పాణం. నేను ఎక్కి కూసోంగనే పీక్‌మని కూస్తది” అని అందరికీ చెప్పేది. మేము నవ్వేవాళ్లం. సంపత్ కూడా నవ్వేవాడు.

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస అమావాస్య ఇంకా వారం ఉందనగా, ఆసుపత్రిలో ముందస్తుగా కొంత కట్టాలని అవ్వ, జమున ఏటీఎంకు పోయారు. ఎప్పుడూ తీయని నిల్వ చీటీ ఆ రోజు తీసి, జమున పట్టుకొని వచ్చింది. ఆ మనిషి ముఖంలో నెత్తురు లేదు. ఖాతాలో ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదని తనే చెప్పింది. చెప్పకుండా దాచినా మాకు తెలిసేది కాదు. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది, ఏం లాభం?

అవ్వ ఇంటి ముందు అరుగు మీద జమున, పక్కింటి యాదవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రోజూ చాటలు పెట్టుకొని బీడీలు చుడతారు. అక్కడే, అందరి ముందే నేను జమునను నిలబెట్టాను. తలుపు మూసి అడగొచ్చు. కానీ నాకు కోపం నసాళానికి అంటింది. పోయినవి అవ్వ కాళ్లు కదా అనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాను చూడండి అని యాదవ్వతో అన్నాను.

“నంబరు నీకు తప్ప ఎవలకు తెల్వది. అవ్వ పండుకున్నప్పుడు సంచిల చెయ్యి పెట్టింది ఎవలు?”

“నేను పెట్టలే వదినె.”

“పెట్టకుంటె పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి.”

జమున మూడేళ్ల బిడ్డ అక్కడే కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలతో ఆడుకుంటోంది. జమున దాని వైపు చూసింది. తన మీద తాను ఒట్టు వేసుకుంటానంది, దీపం మీద చెయ్యి పెడతానంది, పిల్ల మీద మాత్రం వెయ్యనంది. తప్పు చేయకపోతే భయమెందుకని నేను రెట్టించాను.

“భయం కాదు వదినె. దాని నెత్తి పెద్దోళ్ల లొల్లిలు తెంపుకునే జాగ కాదు.”

ఆ మాట నాకు పొగరుగా వినబడింది. యాదవ్వ తల వంచుకొని దారం తెంపింది. మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒట్టు వెయ్యలేదంటే దొంగతనం ఒప్పుకున్నట్టేనని ఆ సాయంత్రానికి గల్లీ తేల్చేసింది. సాగర్‌కు ఫోన్ చేసి నేనే చెప్పాను. బతుకమ్మ పండుగ కాగానే జమునను నిర్మల్ దిక్కు పుట్టింటికి పంపమని, తాను వచ్చి తేల్చేదాకా అక్కడే ఉండనియ్యమని అన్నాడు. అవ్వ ఆ రోజు నుంచి తన బువ్వ తనే వండుకుంది. నిలబడి వండలేక పొయ్యి దగ్గర పీట వేసుకొని, అరగంటకొకసారి మోకాళ్లు పట్టుకుంటూ.

జమునను పంపే ముందు సాగర్‌కు చూపించడానికి బ్యాంకు కాగితం ఒకటి ఉండాలనుకున్నాను. ఒక శుక్రవారం అవ్వను, జమునను ఆటోలో ఎక్కించుకొని పోయాను. బడికి దసరా సెలవులని నా బిడ్డ దీపిక కూడా వెంటపడింది. ఆ ఖాతా అవ్వ, సాగర్ కలిపి తీసింది. అవ్వ మెట్లు ఎక్కలేదని బ్యాంకులో అలేఖ్య అనే ఆఫీసరమ్మ ఆటో దగ్గరికే వచ్చి కార్డు చూసి, వేలిముద్ర వేయించుకుంది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి కాగితం తీసింది. దీపిక పక్క కౌంటర్ దగ్గర తాడు కట్టిన పెన్నుతో చీటీ వెనక బొమ్మలు గీస్తోంది.

అలేఖ్య కాగితం మీద వేలు నడిపిస్తూ, ఇవి ఏటీఎంలో తీసినవి కావని చెప్పింది. కార్డు మీద అలల్లాంటి గీతలు ఉన్నాయి, చూశారా అని అడిగింది. చూశాను. ఏదో అందానికి వేశారనుకున్నాను.

“ఆ గుర్తున్న కార్డుకు ఐదు వేల లోపు పిన్ను అడగదమ్మా. లోపల సన్నటి తీగచుట్ట ఉంటుంది. మిషన్‌కు రెండు మూడు వేళ్ల దూరంలోకి వస్తే చాలు, కార్డు దానంతటదే జవాబిస్తుంది, పైసలు పోతాయి. బట్ట అడ్డం కాదు, తోలు అడ్డం కాదు. కార్డు బయటికి తీయాల్సిన పని కూడా లేదు.”

పిన్ను అడగదు. ఆ ఒక్క మాటతో నా రెండు తాళాలూ ఊడి కిందపడ్డాయి. జమునకు తెలిసిన నంబరుతో ఎవరికీ పనే లేదన్నమాట. పది మందిలో ఒట్టు వెయ్యమని నిలబెట్టింది దేనికి మరి?

అలేఖ్య ఇంకా చెబుతూనే ఉంది. ఆ సౌకర్యం ఎవరైనా ఆన్ చేస్తేనే పనిచేస్తుందట, కార్డు వచ్చినప్పుడు ఎవరు చేశారని అడిగింది. ఫోన్ పనులన్నీ మా ఆయనే చూస్తాడు. పైసలు పోయినప్పుడల్లా మెసేజ్ రాలేదా అంది. ఆ నంబరు సాగర్ పాత సిమ్‌ది. రీచార్జి లేక అది మూతపడి ఏడాదైంది, మార్పిస్తానని మా ఆయనే అన్నాడు. ఇవన్నీ నా లోపల ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి కానీ, అంతా కలిపి ఏమవుతుందో నా బుద్ధి ఇంకా ఒప్పుకోవడం లేదు.

“అన్నీ సోమవారాలే. అన్నీ పది, పదకొండు మధ్యలో. అన్నీ ఒకే దుకాణం మిషన్‌లో” అంటూ అలేఖ్య తలెత్తింది. “నవత మొబైల్స్. ఎక్కడుంది ఈ షాపు? మీకు తెలుసా?”

నా పేరు నేను ఎన్ని వేలసార్లు విని ఉంటాను? ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. జమున నా వైపు చూడలేదు. పక్క కౌంటర్ వైపు, దీపిక వైపు ఒకసారి చూసింది.

“తెల్వది మేడం” అంది.

అలేఖ్య వెంటనే కార్డు ఆపేద్దామంది, ఫిర్యాదు రాసి ఇమ్మంది. మంగళవారం వచ్చి రాసిస్తామని నేను ఎట్లాగో కూడబలుక్కొని చెప్పాను. ఆలస్యం మంచిది కాదని ఆమె కోప్పడింది. కనీసం అప్పటిదాకా కార్డును ఏదైనా పల్చటి రేకు మధ్య పెట్టమని, ఇనుము అడ్డముంటే మిషన్ పిలుపు కార్డుకు అందదని చెప్పింది. ఆటోలో అవ్వ ఏమన్నారని అడిగింది. ఇంకా చూడాలట అన్నాను. జమున దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం సంపత్ అన్నానికి వచ్చాడు. దీపిక, ఆయన పక్కపక్కన కూర్చున్నారు. నేను పప్పు వడ్డిస్తూ, అవ్వ కార్డు ఎప్పుడైనా మన మిషన్‌లో పెట్టారా అని అడిగాను. అంతే అడిగాను. గొంతు కూడా పెంచలేదు.

ఆయన ముద్ద కలపడం ఆపలేదు. ఎడమ చెయ్యి తీసి దీపిక నెత్తి మీద పెట్టాడు.

“దీపిక మీద ఒట్టు. నాకేం తెల్వది.”

దీపిక ఆట అనుకొని కిలకిల నవ్వింది. నేను ఒట్టు అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే వేశాడు. అయినా మొగుడు కదా, మనసు ఊరుకోదు. ఒట్టు వెయ్యనందుకే జమున దొంగైతే, ఒట్టు వేసిన మనిషి దొర కావాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ న్యాయం నేను పెట్టిందే. ఆదివారమంతా దాన్ని పట్టుకొని వేలాడాను.

సాయంత్రానికి ఉండబట్టలేక జమున దగ్గరికి పోయాను. అరుగు మీద ఒక్కతే ఉంది. బీడీ ఆకు కత్తిరించడానికి కొలత రేకులు ఉంటాయి. ఆకు మీద రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పుతారు. జమున దగ్గర అవి రెండున్నాయి, ఒకటి రోజూ వాడేది, ఒకటి అంచు వంగిన పాతది. రెండూ ఇమ్మన్నాను. ఎందుకని అడగకుండా తీసి, కొంగుతో పొగాకు దుమ్ము తుడిచి ఇచ్చింది.

“బ్యాంకుల ఎందుకు తెల్వదన్నవ్ జమునా?”

“దీపిక పక్కకే ఉండె కద వదినె” అంది. మళ్లీ ఆకులో తల పెట్టింది.

సిగ్గంటే ఏమిటో నాకు ముప్పై ఆరేళ్ల వయసులో తెలిసింది.

సోమవారం పొద్దున అవ్వ ఇంటికి వచ్చి, ఆమె స్నానానికి పోయినప్పుడు సంచి విప్పి, కార్డును రెండు రేకుల మధ్య పెట్టి దారంతో చుట్టాను. రేకులు కార్డు కంటే కొంచెం చిన్నవే, అయినా నడిమి భాగమంతా కప్పాయి. ఎవరికీ చెప్పలేదు. పదిగంటలకు సంపత్ వచ్చాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. బండి ఆపి, వీపుసంచిలోకి చెయ్యి పెట్టి ఏదో నొక్కి, సంచిని నడుము మీదికి సర్దుకున్నాడు. అవ్వ ఒక పక్కకు ఎక్కి కూర్చుంది.

కూత రాలేదు.

బండి కదల్లేదు. సరిగ్గా కూర్చోలేదు, దిగి మళ్లీ ఎక్కమన్నాడు. అవ్వ మూలుగుతూ దిగింది, మూలుగుతూ ఎక్కింది. మళ్లీ దిగమన్నాడు. ఆ మోకాళ్లతో మా అవ్వ మూడుసార్లు ఎక్కి దిగింది. మూడోసారి ఆయన చెయ్యి వెనక్కి వచ్చి, చూడకుండానే, అవ్వ నడుము దగ్గర నల్లసంచిని తడిమింది.

“సంచి గిటు తిప్పుకో అత్తమ్మా, కుచ్చుకుంటున్నది.”

“ఇయ్యాల నీ బండి కూస్తలేదేం బిడ్డా? నా మీద అలిగిందా?” అంది అవ్వ.

పన్నెండేళ్లు ఒక కంచంలో తిన్న మనిషి చెయ్యి అది. చీకట్లో కూడా గుర్తుపడతాను. ఆ చెయ్యి మా అవ్వ నడుమును అట్లా వెతకడం పట్టపగలు కళ్లారా చూశాను.

మధ్యాహ్నం దీపికను బయట ఆడుకోమని పంపి, బ్యాంకు కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివాడు. అరుస్తాడనుకున్నాను, కాళ్లు పట్టుకుంటాడేమోనని కూడా అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఫోన్లన్నీ జనం ఆన్‌లైన్‌లో కొంటున్నారని, దుకాణం కిరాయి ఎవరిస్తారని, తీసుకున్నది పరాయి సొమ్మేమీ కాదని, మెల్లగా తిరిగి వేసేవాణ్ణని చెప్పుకొచ్చాడు. అవ్వ ఆపరేషన్ సంగతేమిటన్నాను. నీ తమ్ముడు మళ్లీ పంపడా అన్నాడు. బిడ్డ మీద ఒట్టు ఎట్లా వేశావన్నాను. చెయ్యి కడుక్కొని తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు:

“ఎవలకన్న చెప్పే ముందు ఒకసారి ఆలోచన చెయ్యి. మిషన్ నీ పేరు మీదున్నది, పైసలు పడ్డ ఖాత నీది. కేసైతె పట్టుకపోయేది నిన్నే. జమున ఎట్లాగు పుట్టింటికి పోతనే ఉన్నది కద.”

ఆ కంఠంలో కోపం కూడా లేదు. సరుకు ధర చెప్పినట్టు చెప్పి, వీపుసంచి తగిలించుకొని దుకాణానికి పోయాడు. నా పేరు పెట్టిన దుకాణానికి. లోను కాగితాల మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాను నేను. దేని మీద పెడుతున్నానో ఒక్కసారీ చదవలేదు, పదో తరగతి పాసైనదాన్ని.

మంగళవారం పొద్దున దీపిక చెయ్యి పట్టుకొని అవ్వ ఇంటికి పోయాను. అరుగు మీద నలుగురూ ఉన్నారు. జమున యాదవ్వ రేకు అడుక్కొని, ఆమె వాడనప్పుడు ఆకు కత్తిరిస్తోంది. లోపల మూట కట్టిన జమున బట్టలు కనబడుతున్నాయి. దీపికను లోపల చిన్నదాన్ని ఆడించమని పంపాను. అవ్వను అరుగు మీదికి పిలిచి కూర్చోబెట్టాను.

“జమున తియ్యలే. మా ఇంటాయన తీసిండు. బండి మీద అవ్వను కూసోబెట్టుకొని, సంచిల మిషన్ పెట్టుకొని తీసిండు. మిషన్ నాది, ఖాత నాది. నేనిప్పుడు బ్యాంకుకు పోతున్న, ఆడ గూడ గిదే చెప్త.”

కత్తెరలు ఆగిపోయాయి. అవ్వ నా ముఖంలోకి, నేను వేరే భాషలో మాట్లాడినట్టు చూసింది. తర్వాత మెల్లగా ఆమె చెయ్యి నడుము మీది సంచి మీదికి పోయింది. “ఆ కూత...” అని ఆగిపోయింది.

“ఒట్టేనా పిల్లా?” అంది యాదవ్వ, నమ్మలేక.

“ఒట్టు లేదు యాదవ్వా. కాయితం ఉన్నది” అని బ్యాంకు కాగితం చాట పక్కన పెట్టాను.

అవ్వ నడుముకు కట్టిన సంచి ముడి విప్పింది. స్నానానికి కాకుండా ఆమె దాన్ని విప్పడం నేను మొదటిసారి చూశాను. వక్కలతో, బిళ్లలతో సహా తీసి జమున ఒళ్లో పెట్టింది. చేతులు రెండూ జోడించబోతే జమున పట్టుకొని ఆపింది. సంచిలోంచి దారం చుట్టిన రేకులు తీసి, పళ్లతో దారం తెంపి, కార్డు అవ్వ చేతిలో పెట్టింది.

“కార్డు నీ దగ్గర్నే ఉండనియ్యి అత్తమ్మా. నంబరు గూడ నువ్వే నేర్చుకో. నాలుగు అంకెలే, నేను చెప్త.”

యాదవ్వ రేకు యాదవ్వకు ఇచ్చేసింది. తన రేకు ఆకు మీద పెట్టి కత్తెర తీసుకుంది. నేను ఇంకా జమున ముందే నిలబడి ఉన్నాను. మన్నించమని అనాలి. శుక్రవారం నుంచి ఆ మాట నాలో తయారుగా ఉంది. జమున తలెత్తకుండానే అంది:

“జర జరుగు వదినె. వెలుతురుకు అడ్డమొస్తున్నవ్.”

నేను జరిగాను.